డెల్టా యజమానులకు ఒక రైస్ మిల్లు అకౌంటెంటు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో మిల్లులు, రొయ్యల ప్లాంట్లు, నర్సరీలు, కొబ్బరి యార్డులు, షాపులు, ఆసుపత్రులు, స్కూళ్లు నడుపుతున్న యజమానులందరికీ,

నమస్కారమండి.

తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో నేను అకౌంట్స్ చూస్తాను. సార్వా (వానాకాలం పంట) ధాన్యం దిగే రోజుల్లోనూ, మళ్లీ దాళ్వా (రెండో పంట) రోజుల్లోనూ మీలో కొందరితో ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాను. లారీ ఎక్కడిదాకా వచ్చింది, తేమ ఎంత చూపించింది, పాత బిల్లు ఎందుకు ఆగింది, ఇవే మాటలు. నేను పోలియో కాలికి క్యాలిపర్ (ఇనప ఊచల ఊతం) కట్టుకుని చంకకర్రతో నడుస్తానని మీకు తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరమూ ఇన్నాళ్లూ రాలేదు. ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడగాలనుకుంటున్నాను కాబట్టి చెప్తున్నాను. మీ దగ్గర ఈసారి ఖాళీ పడినప్పుడు వికలాంగుల్ని కూడా పిలిచి చూడండి, పని వచ్చినవాళ్లని పెట్టుకోండి.

దానధర్మాల సంగతి నేను ఎత్తడం లేదు. ఆ విషయంలో మన గోదావరి జిల్లాలకు వంక పెట్టేవాళ్లు లేరు. డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం వస్తే కల్యాణ మండపంలో సభ పెడతారు, శాలువాలు కప్పుతారు, భోజనాలు పెడతారు. పుట్టినరోజులకు మూడు చక్రాల సైకిళ్లు పంచేవాళ్లున్నారు. సైకిలు తీసుకున్న కుర్రాడు నెల తిరక్కుండా అదే సైకిలు మీద బయోడేటా పట్టుకుని మీ గేటు దగ్గరకు వస్తే మాత్రం వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతాడు. ఇందులో చెడ్డతనం ఏమీ లేదు. ఆ కుర్రాడు ఏదో అడుక్కోవడానికి వచ్చాడనే అందరూ అనుకుంటారు, పనికోసం వచ్చాడని ఎవరికీ తట్టదు.

నాకూ ఇది జరిగింది. బీకాం అయ్యాక ఒక పెద్ద షాపులో అకౌంటెంటు కావాలంటే వెళ్లాను. యజమాని లేచి వచ్చి కుర్చీ జరిపారు, మంచినీళ్లు తెప్పించారు. "నీకెందుకమ్మా ఈ అవస్థ, ఇంటిపట్టున ఉండు, పండక్కి వచ్చి కనపడు" అని చేతిలో రెండొందలు పెట్టారు. మంచి మనిషే. నేను తీసుకెళ్లిన సర్టిఫికెట్ల కవరు మాత్రం తెరవలేదు. ట్యాలీ వచ్చా అని కూడా అడగలేదు. కసిరి పంపిస్తే తిరిగి ఒక మాట అనొచ్చు. అంత ప్రేమగా పంపించేస్తే ఏమనాలి? మన వైపు వికలాంగులకు ఉద్యోగాలు రాకపోవడంలో చీదరింపు కంటే ఈ జాలి పాలే ఎక్కువని నా అనుభవం.

ఇప్పుడు పనిచేస్తున్న మిల్లులో నన్ను ఉదారబుద్ధితోనేమీ తీసుకోలేదు. ధాన్యం సీజను మధ్యలో పాత గుమాస్తా మానేశాడు. బిల్లులు గుట్టపడిపోయాయి. ఎవరో నా పేరు చెబితే రేపే రమ్మన్నారు. వచ్చాక కాలు చూశారు, అప్పటికి వెతుక్కునే టైము లేదు. అంతే కథ. ఎవరికీ టైము లేనప్పుడు దొరికిన ఉద్యోగం, టైము ఉన్నప్పుడు కూడా దొరకాలన్నదే నా బాధ.

2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నట్టు రాయించుకున్నవాళ్లు 36 శాతమే. ఆడవాళ్లలో అయితే 23 శాతం. ఆ తర్వాత జనాభా లెక్కలు చాలా ఏళ్లు వాయిదా పడుతూ వచ్చాయి కాబట్టి ఇప్పటికీ ఈ అంకెలే వాడుకోవాల్సి వస్తోంది.

పోలియో పోయింది కదా, ఇక ఈ సమస్య తగ్గిపోతుందని కొందరు అంటుంటారు. పోలియో పోయిన మాట నిజమే. దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశాల్లో మనమూ చేరాం. నాలాంటి పోలియో కాళ్ల వాళ్లం ఇక కొత్తగా పుట్టం. కానీ మీ చుట్టూ ఒకసారి చూడండి. షుగర్ ముదిరి కాలు తీయించుకున్నవాళ్లు, హైవే మీద బండి ప్రమాదంలో చెయ్యి పోయినవాళ్లు, మిల్లులో బెల్టు కింద వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు. కోనసీమలో అయితే కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగిన దింపు కార్మికులు. వీళ్లంతా నిన్నటిదాకా మీ దగ్గరో, మీ పక్కవాళ్ల దగ్గరో పనిచేసినవాళ్లే. ఎవరో వేరే జాతి మనుషులు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. 1995 నాటి పాత చట్టంలో ఉన్నవి ఏడే. కొత్త జాబితాలో తలసీమియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది, యాసిడ్ దాడికి గురైనవాళ్లు ఉన్నారు. వయసు పైబడేకొద్దీ మనలో చాలామంది ఏదో ఒక గడిలోకి వచ్చి పడేవాళ్లమే.

ఇక అసలు విషయానికి వస్తాను. "వీళ్లకి ఏ పని ఇవ్వాలి?" అని మీరు అడుగుతారు. ప్రశ్న అక్కడే పక్కదారి పడుతోందండి. మనిషిని ముందు పెట్టుకుని పని వెతికితే దొరకదు. పనిని ముందు పెట్టుకుని దానికి ఏమేమి కావాలో చూడాలి.

ఇది నా సొంత తెలివి కాదు. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరిలో వికలాంగులు చేయగలిగిన 3,566 పోస్టుల జాబితా ఇచ్చింది. అందులో ప్రతి పోస్టుకూ ఎదురుగా ఆ పనికి ఒంటితో ఏమేమి చేయాలో రాశారు. కూర్చోవడం, నిలబడటం, నడవడం, వంగడం, ఎత్తడం, గొంతుక్కూర్చోవడం, లాగడం, నెట్టడం, వేళ్లతో పట్టుకోవడం, చదవడం, రాయడం, చూడటం, వినడం, మాట్లాడటం. అన్ని పనులకూ అన్నీ అక్కర్లేదు. ఏది అవసరమో రాసుకుంటే ఎవరు చేయగలరో దానంతటదే తేలుతుంది. సర్కారు కాగితాల్లో ఇంత పనికొచ్చేది అరుదుగా కనిపిస్తుంది, ఎవరైనా తెలుగులో ఒక పేజీకి కుదించి ప్రతి వర్తకుల చాంబర్ ఆఫీసు గోడకూ అంటిస్తే బాగుండు.

మా మిల్లునే తీసుకుందాం. గేటు దగ్గర కాటా ఉంది. లారీ ఎక్కాక అంకె చూసి, కంప్యూటర్లో కొట్టి, చీటీ తీసి ఇవ్వాలి. కూర్చోవాలి, చూడాలి, టైపు చేయాలి. కాళ్లతో పనే లేదు. తేమ చూసే చోట శాంపిల్ ధాన్యం మీటర్లో పోసి రీడింగు రాసుకోవాలి. ఒక చెయ్యి బాగుండి, కళ్లు కనబడితే చాలు. ఆఫీసులో ఈ-వే బిల్లులు, జీఎస్టీ, పౌరసరఫరాల వాళ్ల కాగితాలు, ఇదంతా కుర్చీ పని. సీసీ కెమెరాల దగ్గర కూర్చునే మనిషికి చూపు కావాలి, వినికిడి అక్కర్లేదు. రంగు మారిన గింజల్ని ఏరే సార్టెక్స్ మెషీను చూసుకునే కుర్రాడు నిలబడి తిరగాలి, కళ్లు చురుగ్గా ఉండాలి. మిల్లు తిరుగుతున్నప్పుడు లోపల ఒకసారి నిలబడి చూడండి, చెవులు బాగా పనిచేసేవాళ్లు కూడా అక్కడ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. వినపడని మనిషి ఆ హోరులో ఏం కోల్పోతాడు? ఆ సైగల విషయంలో మనకంటే అతనే నాలుగాకులు ఎక్కువ చదివి ఉంటాడు.

ముఠా పని నాలాంటివాళ్లం చేయలేం. బస్తా ఎత్తాలి, నడవాలి, వంగాలి. బాయిలర్ దగ్గర కూడా మీరు ఎవర్ని పడితే వాళ్లని పెట్టరు, పెట్టకూడదు. ఉన్నదున్నట్టు ఒప్పుకోవడంలో నామోషీ లేదు. అయితే వందమంది పనిచేసే చోట ముఠాని, బాయిలర్‌ని పక్కన పెట్టినా ఇంకా బోలెడు కుర్చీలు మిగులుతాయి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో తలలు తీయడం, పొట్టు వలవడం, కౌంటు (సైజు) ప్రకారం వేరు చేయడం ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని. అన్నీ చేతివేళ్ల పనులే. వినపడని, మాట్లాడలేని ఆడపిల్లలు ఈ పనిలో ఎవరికీ తీసిపోరు. కానీ షిఫ్టంతా తడి నేల మీద నిలబడే చేయాలి. ఎందుకు నిలబడాలి అని అడిగితే, మొదట్నుంచీ అలాగే చేస్తున్నారు అన్న జవాబు తప్ప నాకు ఇంకోటి దొరకలేదు. కడిగితే శుభ్రపడే స్టీలు స్టూలు వేస్తే పోలియో కాలున్న అమ్మాయి కూడా ఆ బల్ల దగ్గర చోటు చేసుకుంటుంది. మిగతావాళ్ల మోకాళ్లూ మిమ్మల్ని దీవిస్తాయి. బట్టల షాపుల్లో సేల్స్ అమ్మాయిల సంగతీ ఇదే. పొద్దున షట్టరు తీసిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉంటారు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టాలు సవరించారు. మనకు చట్టం దాకా ఎందుకండీ, రాజమండ్రిలోనో భీమవరంలోనో ఒక పెద్ద షాపు స్టూళ్లు వేస్తే చాలు, మిగతావాళ్లు చూసి వేస్తారు.

కడియం నర్సరీల్లో కవర్లలో మట్టి నింపడం, నారు మార్చడం, అంట్లు కట్టడం నేల మీద గొంతుక్కూర్చుని చేస్తారు. అదే పని నడుం ఎత్తు బల్ల మీద పెడితే వీల్‌ఛైర్ మనిషి చేస్తాడు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ప్యాకింగు పని పెరిగిందంటున్నారు. డబ్బాలు మడవడం, లేబుళ్లు అంటించడం, లెక్క చూసి సర్దడం లాంటివి, మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లలు పెద్దయ్యాక ఓపిగ్గా నేర్చుకోగలిగే పనులు. మొదట కొన్నాళ్లు పక్కన ఒకరు నిలబడి చూపించాలి. రోజూ ఒకే చోట, ఒకే వరసలో చేయించాలి. ఒకసారి చెయ్యి తిరిగాక ఆ వరస తప్పనిచ్చేవాళ్లు కాదు వాళ్లు, మీరు తొందరపడి తప్పించబోయినా ఊరుకోరు.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు సంగతి ఇంకాస్త చెప్పాలి. చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుడికి కాళ్లు పోతాయి గానీ కాయ గురించి తెలిసింది పోదు కదా. ఏ కాయ ముదురు, ఏది లేత, ఏది నిలవకి ఆగుతుంది, ఏది కురిడీకి (ఎండు కొబ్బరికి) పనికొస్తుంది, ఇవన్నీ అతనికి చూపుతోనే తెలుస్తాయి. అలాంటి మనిషి ఇంట్లో మంచం మీద పడుకుని ఉంటాడు, యార్డులో మీరు కాయ తెలియని కుర్రాడికి లెక్క అప్పజెప్తారు. ఒక బల్ల, ఒక పుస్తకం, ఒక ఫోను ఇచ్చి ఆ పాత మనిషిని కూర్చోబెట్టి చూడండి.

పని చేస్తూ దెబ్బతిన్నవాళ్ల గురించి ఇక్కడే ఒక మాట. మన దగ్గర వాడుక ఏమిటంటే, పెద్దమనుషుల్లో కూర్చుని ఎంతో కొంత మాట్లాడుకుని, ఆ డబ్బిచ్చి ఇంటికి పంపేయడం. ఆ డబ్బు అప్పులకు, ఆసుపత్రికి పోతుంది. ఆ తర్వాత బతుకంతా ఖాళీ. రంగులు సరిగా గుర్తుపట్టలేని కారణంగా ఉద్యోగం పోయిన ఒక ఆర్టీసీ డ్రైవరు కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, వేరే పని చూపించే ప్రయత్నమే చేయకుండా మనిషిని తీసేయడం తప్పని చెప్పింది. అది ప్రభుత్వ సంస్థ కేసు, మీకు అచ్చంగా వర్తించకపోవచ్చు. అందులోని న్యాయం మాత్రం మీ గేటు లోపల కూడా న్యాయమే.

చూపు లేనివాళ్ల పేరెత్తితే యజమానులు మరీ కంగారు పడతారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, చూపు లేనివారిని న్యాయమూర్తుల ఎంపిక నుంచి తప్పించడం కుదరదని తీర్పు ఇచ్చింది. కోర్టులో తీర్పు చెప్పగల మనిషి మీ ఆసుపత్రిలో ఫోనెత్తి డాక్టరుగారు ఎన్నింటికి వస్తారో చెప్పలేడా? తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. చెవుడు ఉన్నవాళ్లకైతే వాట్సాప్ ఉండనే ఉంది. సైగల భాష నేర్చుకోవాలనే సరదా ఉంటే, ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన కేంద్రం వాళ్లు 10,000 పదాలకు వీడియోలతో నిఘంటువు చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. పది సైగలు నేర్చుకోండి చాలు, మిగతావి వాళ్లే నేర్పుతారు.

"యార్డులో లారీ వెనక్కి వస్తుంటే హారన్ వినపడదు కదా?" అని ఒకాయన నన్ను అడిగారు. మంచి ప్రశ్న. వినపడని మనిషిని లారీలు తిరిగే చోట పెట్టొద్దు, లోపల పెట్టండి. ప్రమాదం గంటకు తోడుగా ఎర్ర లైటు పెట్టండి. ఆ లైటు మిల్లు హోరులో అందరికీ పనికొస్తుంది.

ఇంక టాయిలెట్. ఉత్తరం పబ్లిగ్గా రాస్తూ దీని గురించి ఇంత ఎందుకు అనుకోవద్దు, వికలాంగులైన ఆడవాళ్లు ఉద్యోగం మానేయడానికి, నేను చూసినంతలో, జీతం కంటే ఇదే పెద్ద కారణం. మన మిల్లుల్లో మరుగుదొడ్డి ఎక్కడుంటుంది? ఊక గుట్ట అవతల. దారి బురద. రెండు మెట్లు. లోపల కింద కూర్చునే బేసిను. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, మనిషి నిలబడితే తలుపు పడదు. క్యాలిపర్ కట్టుకున్న కాలు వంగదండి. అందుకని పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లున్నారు. దీనికి కావాల్సింది ఒక కమోడు, గోడకి రెండు పట్టుకునే రాడ్లు, బయటికి తెరుచుకునే వెడల్పు తలుపు, మెట్ల చోట ఒక వాలు. తాపీమేస్త్రికి రెండు మూడు రోజుల పని. మీరు గుమ్మడికాయ కొట్టడానికి పెట్టే ఖర్చు పక్కన ఇదొక లెక్క కాదు.

ర్యాంపు వేస్తే సరిగ్గా వేయండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. బ్యాంకుల ముందు కొన్ని ర్యాంపులు చూస్తుంటాను. వీల్‌ఛైర్ దాని మీదికి ఎక్కించాలంటే ముఠా జట్టుని పిలవాలి. మిల్లుల్లో బస్తాల ట్రాలీ కోసం వేసిన వాలు చక్కగా ఉంటుంది. ఇనప చక్రాలకు ఏం కావాలో మనకు బాగా తెలుసు.

దారి సంగతి మీ చేతుల్లో సగమే ఉంది. గోదావరి మధ్య లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు పంటు (నది దాటించే పడవ) ఎక్కాలి, పంటు దిగాక ఆటో, ఆటో దిగాక బస్సు. పల్లెవెలుగు మెట్టు ఎంత ఎత్తో ఎక్కినవాళ్లకే తెలుసు. కాబట్టి రావడానికి ఒక అరగంట అటూ ఇటూ అవుతుంది. సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చుంటాను అంటే ఒప్పుకోండి. జూలై, ఆగస్టుల్లో వరదొస్తే రాలేరు కదా అంటారా? వరదొస్తే లంకల నుంచి ఎవరూ రాలేరు. ఆ రోజు అందరికీ ఏం చేస్తారో మాకూ అదే చేయండి.

జీతం గురించి సూటిగా మాట్లాడుకుందాం. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ నెలకు 6,000. నెల మొదట్లో ఇంటికే తెచ్చి ఇస్తారు. ఇది చాలా ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్న డబ్బు. ఉద్యోగంలో చేరి జీతం బ్యాంకులో పడితే పెన్షన్ పోతుందేమోనని ప్రతి ఇంట్లో టెన్షన్. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ల మీద మళ్లీ మళ్లీ తనిఖీలు జరిగినప్పటి నుంచి ఆ భయం ఇంకా పెరిగింది. ఇలాంటి మనిషికి మీరు ఏడెనిమిది వేలు ఇస్తానంటే, ఆటో ఖర్చులు పోను చేతికి ఏం మిగులుతుంది? నిక్కచ్చిగా వచ్చే డబ్బు వదులుకుని అనుమానం మీద ఆధారపడమంటే ఎవరొస్తారు? వాళ్లు రావడం లేదని, పెన్షన్ తిని సోమరులయ్యారని తర్వాత మీరే అంటారు. కొందరు మధ్యేమార్గంగా జీతం చేతికివ్వమని అడుగుతారు. పీఎఫ్ కట్టే పని తప్పుతుంది కాబట్టి యజమాని సంతోషంగా ఒప్పుకుంటాడు. ఇద్దరూ కలిసి చేసే ఈ తప్పు వల్ల ఆ మనిషికి పదేళ్లు పనిచేసినా చూపించుకోవడానికి ఒక్క కాగితం ఉండదు.

అందుకని పక్క కుర్చీలో వాళ్లకి ఎంత ఇస్తున్నారో అంతే ఇవ్వండి, బ్యాంకులో వేయండి, పీఎఫ్, ఈఎస్ఐ కట్టండి. మామూలు ఉద్యోగులకు నెల జీతం 21,000 దాకా ఈఎస్ఐ ఉంటే వికలాంగులకు 25,000 దాకా ఉంది. అంటే మీ దగ్గర కాస్త పై జీతంలో ఉన్న వికలాంగ ఉద్యోగికి కూడా ఆసుపత్రి ఖర్చు మీ నెత్తిన పడదు. 2008లో కేంద్రం ఒక పథకం పెట్టింది. 25,000 లోపు జీతంతో వికలాంగుల్ని పెట్టుకున్న ప్రైవేటు యజమానుల తరఫున పీఎఫ్, ఈఎస్ఐ వాటాని మొదటి మూడేళ్లు ప్రభుత్వమే కడుతుందన్నారు. దాని పేరు చెబితే మా వైపు ఆడిటర్లు కూడా ముఖముఖాలు చూసుకున్నారు. ఇలాంటివి వస్తుంటాయి, మారుతుంటాయి. ఏడాదికోసారి మీ ఆడిటరుగారిని గట్టిగా అడగండి. ఇది చదివే అధికారులు ఎవరైనా ఉంటే వారికీ ఒక మనవి. ప్రైవేటు ఉద్యోగంలో చేరిన వికలాంగుడి పెన్షన్‌ని మొదటి రెండేళ్లయినా ముట్టుకోకండి, ఉద్యోగం పోతే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిప్పకుండా వెంటనే ఇవ్వండి. ఆ ఒక్క భరోసా ఉంటే ఈ ఉత్తరంలో సగం నేను రాయాల్సిన పనే ఉండేది కాదు.

చట్టం గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 4 శాతం రిజర్వేషన్. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. మొత్తం సిబ్బందిలో కనీసం 5 శాతం మంది వికలాంగులు ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రం 35వ సెక్షన్ చెబుతోంది. దాంతో చాలామంది "మనకు సంబంధం లేదు" అనుకుంటున్నారు. 21వ సెక్షన్ చూడండి. ప్రతి సంస్థా, ప్రైవేటుదైనా సరే, సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి, వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. 20 మంది, అంతకు మించి ఉన్న చోట ఏయే పోస్టులు వికలాంగులకు తగినవో, ఎలా ఎంపిక చేస్తారో, ఏ సౌకర్యాలు ఇస్తారో అందులో రాయాలి, ఆ పని చూసే ఒక అధికారిని పెట్టాలి. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 దాకా జరిమానా, మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా. మన దగ్గర ఎంతమంది గోడ మీద ఆ కాగితం ఉందో నేను చూసినంతవరకు చెప్పగలను: లక్ష్మీదేవి పటం ఉంది, పొల్యూషన్ బోర్డు అనుమతి ఉంది, అది లేదు. జరిమానా చూపించి మిమ్మల్ని బెదిరించాలని నాకు లేదు. ఆ విధానం రాయడానికి కూర్చుంటే మీ పోస్టులన్నీ ఒకసారి వరసగా చూసుకుంటారు, నాకు కావాల్సింది అదే.

సభల్లో తరచూ శ్రీకాంత్ బొల్లా గారి గురించి చెప్తుంటారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టి, చూపు లేకుండానే అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి వికలాంగులకు పని చూపించారు. గొప్ప మనిషి, కాదనేది లేదు. కానీ కాటా దగ్గర కూర్చునే ఉద్యోగానికి వచ్చిన కుర్రాడిని చూసి "నువ్వూ ఆయనలా సాధించాలి బాబూ" అంటే ఎలాగండీ? మీ దగ్గర పనిచేసే మిగతావాళ్లందరూ ఎంఐటీలో చదివారా? ఓ మోస్తరుగా పనిచేసి, అప్పుడప్పుడు తప్పు చేసి, మీ చేత చీవాట్లు తిని, ఒకటో తారీఖు జీతం పట్టుకెళ్లే హక్కు మాకూ కావాలి. పని నేర్చుకోవడానికి అందరికీ ఇచ్చినంత టైము ఇచ్చి చూడండి. రాకపోతే తీసేయండి, పాపమేమీ అంటదు. ఒకడు సరిగా చేయలేదని మాత్రం తర్వాత వచ్చే పదిమందికి గేటు మూయకండి. మందు తాగి వచ్చిన ఒక డ్రైవర్ని తీసేసినంత మాత్రాన డ్రైవర్లను పెట్టుకోవడం మానేశారా?

2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల వాళ్లు ఎంత కంగారుపడ్డారో చూశాం. ఇలాంటి రోజుల్లో ఈ గోలేమిటని కొందరు అనుకోవచ్చు. కొత్త పోస్టులు పుట్టించమని నేను అనడం లేదు. మనుషులు నిలవడం లేదని మీరే అంటారు కదా, కుర్రాళ్లు నేర్చుకున్నాక హైదరాబాదో గల్ఫో పోతున్నారని. ఊరు కదలడం కష్టమైన మనిషికి ఊళ్లో మంచి పని దొరికితే అంత తొందరగా వదలడు. ఇందులో మీ స్వార్థం ఉన్నా నాకు అభ్యంతరం లేదు, మీరు దయ చూపించడం కంటే నాకు అదే నమ్మకం.

ఏప్రిల్‌లో దాళ్వా ధాన్యం మొదలవుతుంది. కాటాకి, బిల్లింగ్‌కి ఎలాగూ మనుషుల్ని వెతుకుతారు. కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఆఫీసు ఉంది, జిల్లా ఉపాధి కల్పన ఆఫీసు ఉంది, అక్కడ పేర్లు దొరుకుతాయి. ప్రకటనలో ఫోన్ నంబరు పక్కన మెసేజ్ కూడా పెట్టవచ్చని రాయండి, లేకపోతే వినపడనివాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇంటర్వ్యూ మేడ మీద పెట్టకండి. వచ్చిన మనిషితో మాట్లాడండి, పక్కన తోడొచ్చిన నాన్నతోనో అన్నతోనో కాదు. చేర్చుకున్న రోజున దండ వేసి ఫోటో తీసి పేపరుకి ఇవ్వకండి, దయచేసి. టాయిలెట్ కట్టించాలనుకుంటే మీ మేస్త్రిని మా మిల్లుకి పంపండి. మా యజమానితో మాట్లాడి ఉంచాను, కొలతలు తీసుకోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు మధ్య మాత్రం వద్దు, ఆ టైములో మా ఆడవాళ్లం భోజనాలకి లేస్తాం.

ఇట్లు,
తణుకు పరిసరాల్లో ఒక రైస్ మిల్లు అకౌంటెంటు